బావగారు పరీక్షించిన చెంబు

మొన్న మా కొండాపూర్ అపార్ట్‌మెంటు క్లబ్ హౌస్‌లో వార్షికోత్సవం నాటకానికి రిహార్సల్ జరుగుతోంది. ఇద్దరు మాయగాళ్లు ఒక దురాశాపరుడికి మహిమ గల చెంబు అంటగట్టే కథ. చుట్టూ అందరూ పడీ పడీ నవ్వుతుంటే నేను మధ్యలోనే లేచి వచ్చేశాను. ఆ హాస్యం మా ఇంట్లో ఒకసారి జరిగింది. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

మా అక్క భర్త గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారు. ఆఫీసులో ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఉద్యోగం, ఇంట్లో కూరల్లో తప్పులు పట్టడం కాలక్షేపం. కొబ్బరికాయనైనా చెవి దగ్గర ఊపి చూడనిదే కొనేవారు కాదు. అలాంటి మనిషికి ఇద్దరు వచ్చి పిడుగు పడ్డ పాత రాగి చెంబంటూ ఒకటి చూపించారు. అది బియ్యాన్ని లాక్కుంటుందట, విదేశీ కంపెనీ కోట్లు పోసి కొంటుందట, ముందుగా కొంత కడితే వాటా ఇస్తారట. "నేను ఎవర్నీ నమ్మనండీ, పరీక్షించాకే ఏదైనా" అని బావగారు ఇంటినుంచి సొంత బియ్యం పట్టుకెళ్లారు. "జర ఆగుండ్రి సార్, దేవుని వస్తువు ముందట ఉత్త బియ్యం పెట్టొద్దు" అంటూ వాళ్లలో పెద్దవాడు కాస్త నెయ్యి, తన దగ్గరున్న కుంకుమ కలిపి అక్షింతలు చేశాడు. గింజలు వెళ్లి చెంబుకు అతుక్కున్నాయి. కుంకుమలో ఇనుప పొడి, చెంబులో అయస్కాంతం ఉన్నాయని తర్వాత పోలీసులు చెప్పారు. ప్రపంచంలో అన్నిటినీ శంకించే ఆయనకు అక్షింతల్ని శంకించాలని తోచలేదు. పైగా కోట్ల ఆశ.

ఆయన వాళ్లకి కట్టిన డబ్బు అక్క గుండె ఆపరేషన్ కోసం దాచి ఉంచినది. "ఒక్క నెల ఆగవే, ఇంతకింత వస్తుంది, ఇంకా పెద్ద ఆసుపత్రిలో చేయిద్దాం" అన్నారట. "సరేలెండి, ఇన్నాళ్లు ఓర్చుకోలేదూ" అందట అక్క. ఆ మాట ఫోన్‌లో నాకు చెబుతూనే, ఆ కోట్లతో కొనబోయే కొత్త ఇంటికి ఏ రంగు పరదాలు బాగుంటాయని అడిగింది. అప్పుడు అక్క మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఏడుపొస్తుంది.

ఆ ఇద్దరి ఫోన్లూ మోగడం మానేశాయి. అక్కకి ఆయాసం ఎక్కువైంది. బావగారు అప్పు చేసి ఆసుపత్రిలో చేర్చారు గానీ ఆపరేషన్‌కి తట్టుకునే స్థితి దాటిపోయింది. "ఇంకొంచెం ముందు తీసుకురావలసిందండీ" అన్నాడు డాక్టరు. "ఎంత ముందండీ?" అని అడిగారు బావగారు. డాక్టరు కాగితాలు తిరగేసి, "ఓ నెల ముందైనా" అన్నాడు.

అక్క పోయి కొన్నేళ్లయింది. మా అందరికీ రోజులు ఎలాగో గడిచిపోతున్నాయి గానీ, మా బావగారికి ఆ ఒక్క నెల ఇంకా గడవలేదు.