లింబాద్రి కాక ఎడమకాలు

మొన్న వానలో నిర్మల్ ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ముందర పత్తి బేళ్ల లారీ ఒకటి మూలుగుతూ పోతోంది. మలుపు దగ్గర దాని వెనకే నేనూ వేగం తగ్గించాను. అద్దం కొంచెం దించి ఉందేమో, క్లచ్ ప్లేటు మాడిన వాసన గుప్పున లోపలికి వచ్చింది. ఎవరైనా ముక్కు మూసుకునే వాసన అది. నాకు మాత్రం నవ్వొచ్చింది. పక్క సీట్లో ఉన్న కొత్త టీచరు "ఏమైంది మేడం?" అని అడిగింది. "మా లింబాద్రి కాక యాదికొచ్చిండు" అన్నాను. ఆమె ఆయన్ను ఎన్నడూ చూడలేదు. ఘాటు దిగేదాకా చెబుతూనే ఉన్నాను. అయినా సగమే అయింది. మిగతా సగం కోసం మళ్లీ మొదటి నుంచీ రాయాల్సి వస్తోంది.

నాకు మూడో ఏట జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడింది. మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తాను. మా బాపు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. నన్ను సైకిలు మీద బడిలో దించాకే పనికి పోయేవాడు. లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చి నేరడిగొండ అవతల ఒక హైస్కూలుకు వేశాక, నేనూ బాపూ నిర్మల్‌లో ఇల్లు తీసుకున్నాం. నన్ను కన్న అవ్వ అప్పటికే లేదు. పొద్దున్నే బాపు మోపెడ్ మీద బస్టాండుకు, అక్కడి నుంచి బస్సులో ఘాటు మీదుగా, హైవే మీద దిగాక దొరికితే ఆటో, దొరక్కపోతే నాలుగు కిలోమీటర్ల నడక. బస్సు మెట్టు ఎక్కేసరికి వెనకున్నవాళ్లు విసుక్కునేవారు. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయేది. పక్కచక్రాల స్కూటరు ఉంది గానీ, లారీల నడుమ దాన్ని ఘాటు ఎక్కించడానికి బాపు ససేమిరా అన్నాడు. రెండో ఏడాది వానాకాలంలో, నన్ను ఏదైనా ఆఫీసు పనిలోకి మార్చమని దరఖాస్తు రాసి సంచిలో పెట్టుకున్నాను. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకేదీ ఇష్టం లేదు. అయినా రాశాను.

ఆ దరఖాస్తు ఇచ్చే ముందు చివరగా లింబాద్రి కాక దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఇద్దరు డ్రైవింగ్ స్కూలు వాళ్లు నా కాలు చూసి తల అడ్డంగా ఊపారు. కాక ఒకప్పుడు భైంసా నుంచి పత్తి లారీలు నడిపినవాడు. అరవై దాటాక కూడా తెల్ల మీసాలు మెలేసి, భుజాన గళ్ల రుమాలు వేసుకుని, ఒక పాత తెల్ల కారులో ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పాడు. డాక్టర్లు, కానిస్టేబుళ్లు, కొయ్యబొమ్మలకు రంగులేసేవాళ్లు, అందరూ ఆయన తిట్లు తిన్నవాళ్లే. నన్ను ఆయన తిట్టలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి కాలు వంక సూటిగా చూశాడు.

"ఎడమకాలు ఎంత లేస్తది బిడ్డా?"

"చెయ్యి వెట్టి లేపితే లేస్తది కాకా."

"తొక్కుతదా?"

"జరంత."

"జరంత తొక్కితే జరంత నేర్పుత. మిగిలింది తర్వాత సూద్దాం."

పక్కన నిలబడ్డ బాపు నెమ్మదిగా అన్నాడు: "అన్నా, గేర్లు లేని బండ్లు వస్తున్నయంట గదా. ఈమెకు గవ్వే నయమని అంటున్నరు."

కాక మొహం చేదు మింగినట్టు అయింది. "గేర్లు లేని బండి నడుపుడంటే లిఫ్టుల నిలబడ్డట్టే. మీట నొక్కినవ్, పైకి వోయినవ్. నువ్వేం జేసినవ్ అండ్ల? నా శిష్యులెవ్వలు గసొంటి బండి నడపలే. ఈమెకు నేను గేర్లబండే నేర్పుత. మాట."

ఆ మాటకు నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. చిన్నప్పటి నుంచి నాకోసం అందరూ తేలికైన దారే వెతికారు. మొదటిసారి ఒక మనిషి నాకూ అందరికీ పెట్టే పరీక్షే పెడతానన్నాడు. మార్కెట్ యార్డు మైదానంలో పొద్దున్నే పాఠాలు మొదలయ్యాయి. కుడిచేత్తో మోకాలిని అదిమి క్లచ్ తొక్కడం, ఎడమచేత్తో గేరు వేయడం, మళ్లీ చెయ్యి తీసి స్టీరింగ్ పట్టుకోవడం. బండి మొదటిసారి గుంజుకోకుండా కదిలిన రోజు కాక డాష్‌బోర్డు మీద డప్పు వాయించాడు. గట్టు మీద కూర్చున్న బాపు లేచి నిలబడ్డాడు. నెల తిరిగేసరికి చదును నేల మీద నేను గేర్లు మార్చగలిగాను. ఇక ఘాటే మిగిలింది.

ఘాటు ఎక్కిన రోజు మలుపులో ఓ లారీ ఆగింది. దాని వెనక నేను ఆగాను. ఎత్తు మీద మళ్లీ బండి కదిలించాలి. క్లచ్ సగంలో పట్టి ఉంచాలి. నా కాలు వణకడం మొదలుపెట్టింది. చేత్తో అదిమాను, అయినా నిలవలేదు. మాడిన వాసన లేచింది. బండి వెనక్కి జారింది. వెనక పాలవ్యాను హారన్ చెవులు చిల్లులు పడేట్టు మోగింది. కాక తన వైపున్న బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. వ్యానుకు జానెడు దూరంలో ఆగాం.

"ఇంకోసారి చేస్త కాకా" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"వద్దు. దిగు బిడ్డా." ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత పది రోజులు కాక కనబడలేదు. ఫోను ఎత్తలేదు. షెడ్డుకు తాళం. "పెద్దమనిషి, మాట తప్పిన బాధ" అన్నాడు బాపు. అది నా వల్లే అనుకుని నేను మరీ కుంగిపోయాను. దరఖాస్తు మడత విప్పి, తేదీ దగ్గర ఖాళీ పూరించడానికి పెన్ను పట్టుకున్న పొద్దుటే ఇంటి ముందు కొత్తరకం హారన్ వినిపించింది. బయటికి వచ్చి చూస్తే నీలం రంగు కారు, అందులో కాక. కరీంనగర్‌లో ఉన్న మేనల్లుడి బండి అది. గేర్లు లేని బండి.

"యాడికి వోయినవ్ కాకా? ఎంత పరేషాన్ అయినమో!"

"నేర్సుకోను వోయిన" అన్నాడు గడప మీద కూర్చుంటూ. "నలభై ఏండ్లు నడిపిన, నాకేం నేర్సుకునేదున్నదని ఎక్కిన. మేనల్లుని ముంగట ఇజ్జత్ పోయింది బిడ్డా. ఎడమకాలు ఊకోదు. క్లచ్ అనుకొని బ్రేకు తొక్కుతది. కరీంనగర్ల నడి బజార్ల మూడుసార్లు ధన్‌మని ఆపిన. ఓ సైకిలాయన నన్ను తిట్టిన తిట్లు నేను నా శిష్యులకు సుత తిట్టలే."

బాపు నవ్వు ఆపుకోలేకపోయాడు. కాక కూడా నవ్వి, తర్వాత నా వైపు తిరిగాడు. "ఒక మాట చెప్పాలె. నెల దినాలు నీకు నేర్పిన అనుకున్న. నీకు నేర్పలే. నా మాట గెలిపిచ్చుకునుడే చేసిన. గా వ్యాను తాకితే ఏమవునో, పది రోజులు నాకు నిద్ర లేదు."

అంతటి మనిషి మా గడప మీద కూర్చుని అలా అంటుంటే నేను లేచి లోపలికి వెళ్లాను. చాయ్ పెట్టి ఇచ్చాను.

ఆ మధ్యాహ్నమే మైదానానికి వెళ్లాం. ముందు తాను నడిపి చూపిస్తానన్నాడు. నేను పక్కన, బాపు వెనక. ఇరవై గజాలు పోయామో లేదో బండి గోడకు గుద్దుకున్నట్టు ఆగింది. బాపు నుదురు ముందు సీటుకు తగిలింది. కాక తన ఎడమకాలి వంక కోపంగా చూసి, భుజం మీది రుమాలు తీసి, మోకాలి కింద చుట్టి, సీటు కింది ఇనుప కడ్డీకి గట్టిగా ముడేశాడు. "ఇగ తొక్కు బిడ్డా, సూస్త" అన్నాడు కాలితోనే. ఆ తర్వాత బండి నీళ్ల మీద పడవలా పోయింది. మేం ముగ్గురం నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు నా ఎడమకాలు ఎక్కడ పెడితే అక్కడే బుద్ధిగా కూర్చుంది. కాక దాన్ని చూసి తల ఊపాడు. "నీది మంచి కాలు. చెప్పినట్టు వింటది. నాదే మొండిది."

పుట్టి బుద్ధెరిగాక నా ఎడమకాలిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

లైసెన్సుకు డాక్టరు కాగితాలు, ఆఫీసరు ముందు పరీక్ష, అన్నింటికీ కాక వెంటే ఉన్నాడు. ఇక బండి కొనాలి. కరీంనగర్‌లో ఒక షోరూముకు వెళ్లాం. ఒకే రకం బండ్లు రెండు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి గేర్లది, ఒకటి ఆటోమేటిక్. అమ్మే అబ్బాయి నాతో కాకుండా బాపుతో మాట్లాడుతూ, "ఆటోమేటిక్ లేడీసుకు ఈజీ సార్" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. గేర్లబండి తలుపు తీసి కూర్చున్నాను. మోకాలిని చేత్తో అదిమి క్లచ్ తొక్కి చూశాను. ఇంకో ఆరు నెలలు కష్టపడితే రాదా అనిపించింది.

"గేర్లబండి నడిపితేనే నడిపినట్టు కదా కాకా? నువ్వే అన్నవు."

"అన్న. తప్పుగ అన్న" అన్నాడు. తలుపు పట్టుకుని వంగి మెల్లగా చెప్పాడు. "బండి నడుపుడంటే గేర్లు మార్చుడు కాదు బిడ్డా. ముంగట పోయెటోన్ని బెదిరియ్యద్దు, ఎన్క వచ్చెటోనికి అడ్డం గావద్దు, ఎక్కినోళ్లను ఇంటికి చేర్చాలె. గది నీకు వచ్చు. నీకు పాఠం చెప్పుడు ఇష్టమా, క్లచ్ తొక్కుడు ఇష్టమా?"

నేను దిగి పక్క బండిలో కూర్చున్నాను. కాక ఆ అబ్బాయి వైపు తిరిగి, "లేడీసుకే కాదు, నాకు సుత ఇదే ఈజీ. రాసుకో" అన్నాడు.

బడికి మొదటిరోజు ఇద్దరూ నా వెంట వచ్చారు. సన్నగా తుంపర. ఘాటు సగంలో బండ్లన్నీ ఆగాయి. నేనూ ఆగాను. వెనక బాపు ఊపిరి బిగపట్టడం నాకు వినిపించింది. ముందున్నది కదలగానే బ్రేకు వదిలి మెల్లగా తొక్కాను. బండి వెనక్కి వేలెడంత కూడా జరగకుండా పైకి పోయింది. పైకి చేరాక పక్కకు ఆపమన్నాడు కాక. దిగి, వానలో నిలబడి, "ఇగ నేను బస్సుల వోత. నువ్వు పో, బడికి ఆలస్యమైతది" అన్నాడు. బాపు కూడా దిగిపోయాడు. ఆ ఇద్దరూ ఒకే గొడుగు కింద చేతులు ఊపుతూ అద్దంలో చిన్నబడుతుంటే, నేను బండిలో ఒంటరిగా గట్టిగా పాడుకుంటూ పోయాను. బడి గేటు అప్పటికి తీయనేలేదు. దరఖాస్తును చింపి నాలుగు ముక్కలు చేసి, వాటి వెనకవైపు లెక్కలు వేసి పిల్లలకు చూపించాను.

కాక తన బోర్డు మీద "ఆటోమేటిక్ కూడా నేర్పబడును" అని కొత్త వరుస రాయించాడు. మోకాలికి ఆపరేషన్ అయిన దర్జీ ఒకాయన, బండి నడపాలంటే భయపడే రిటైర్డు నర్సు ఒకామె, ఇంకా ఎందరో వచ్చారు. గేర్లు కావాలన్నవాళ్లకు గేర్లే నేర్పాడు. కానీ ఎవరు వచ్చినా ముందు, "నీకు ఏం పని మీద పోవాలె?" అని అడిగేవాడు. రెండేళ్ల కింద చలికాలంలో మామూలు జ్వరంతోనే పోయాడు. ఆ రోజు ఆయన వీధి చివరిదాకా కార్లే. శిష్యులంతా వచ్చారు. అంత దుఃఖంలోనూ ఒక్క బండీ అడ్డంగా లేదు. అన్నీ ఒకే వరుసలో, ఎవరి వాకిలికీ అడ్డం రాకుండా ఆగి ఉన్నాయి. అది చూసి బాపు, "సూడు, అందరు పాసైనరు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాం.

పోయిన సంవత్సరం మా బడికి భీంబాయి అనే గోండు పిల్ల వచ్చింది. ఇంట్లో గోండి తప్ప తెలుగు లేదు. నేను లెక్క చెబితే బల్ల వైపే చూసేది. మూడు నెలలు నా పద్ధతిలోనే గట్టిగా, ఇంకా గట్టిగా చెప్పాను. ఒక రోజు ఆమె నోటుపుస్తకంలో ఖాళీ పేజీ చూసి, నేను ఎవరి మాట గెలిపించుకుంటున్నానా అని ఆగిపోయాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని, చింతగింజలు ముందు పోసి, మీ మాటల్లో ఎట్లా లెక్కపెడతారో నేర్పమన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసి, మెల్లగా మొదలుపెట్టింది. "ఉండి, రండ్, మూండ్." ఒకటి, రెండు, మూడు. నేనూ అన్నాను. తప్పు పలికినట్టున్నాను, చుట్టూ చేరిన పిల్లలంతా గొల్లుమన్నారు. భీంబాయి మాత్రం నవ్వలేదు. నా చేతిలోని గింజలు తన చేతిలోకి తీసుకుని, బడిలో నేర్చిన కొద్దిపాటి తెలుగులో, చాలా ఓపిగ్గా, "గట్ల కాదు టీచర్, మళ్ల అను" అంది.