మగ్గం గుంటలోంచి చూసిన బొమ్మ

ఒక అబద్ధాన్ని ముప్పై ఏళ్లకు పైగా మోశాను. ఒక్క రోజు కూడా కింద పెట్టలేదు. మనిషిని చంపలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. ఒక బొమ్మను దొంగిలించాను. బొమ్మే కదా అంటారేమో. నేనూ నాకు అలాగే చెప్పుకున్నాను. చెప్పుకుంటే తరిగేది కాదు అది.

నేను మూడో తరగతి దాకా చదివాను. పాత క్యాలెండరు కాగితాల వెనక రాస్తున్నాను, తెల్ల కాగితం ఎందుకు దండగ. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఏడుస్తూ రాస్తున్నానని మాత్రం అనుకోకండి. నాకు ఏడుపు రాదు.

మాది సిద్దిపేట, నేతపని ఇల్లు. మా చీరల మీద గొల్లభామ ఉంటుంది. చేతిలో ముంత పట్టుకుని నడిచిపోయే పిల్ల. ఆ బొమ్మను మొదట ఎవరు నేశారో ఎవరికీ తెలియదు. మా అత్త తన అత్త చీర చూసి, పోగులు లెక్కపెట్టి నేర్చుకుంది. నేను మా అత్త చీర చూసి నేర్చుకున్నాను. ముందరివాళ్లది చూసి నేయకపోతే ఈ పనే ఉండదు. అలాంటప్పుడు నేను చేసినదాన్ని దొంగతనం అని ఎందుకు అనాలి? చాలా ఏళ్లు ఈ ప్రశ్న వెనక దాక్కున్నాను.

పక్కింటి నర్సవ్వ నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆమె కొత్త తీరు భామను నేస్తోందని వాడకంతా తెలుసు. ఎవరికీ చూపించలేదు. “అయినంక ముందుగాల నీకే చూపెడత చెల్లె” అంది నాతో. అంతలో కొండపాకలో వాళ్ల అన్న చనిపోయాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, మగ్గం మీద ఎలుకలు పడకుండా చూడమని చెప్పి పోయింది.

రెండు రోజులు ఎలుకలనే చూశాను. మూడో రోజు బొమ్మను చూశాను.

కిటికీలోంచి ఎవరికైనా కనబడతానని మగ్గం గుంటలోకి దిగాను. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట అది. అందులో ముడుచుకుని కూర్చుని, తలెత్తి, బట్టను అడుగు నుంచి చూశాను. ఆ పిల్ల నడవడం లేదు. ఎవరో పిలిస్తే ఆగినట్టు మెడ తిప్పి, ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, వెనక్కి చూస్తోంది. మా భామలన్నీ నేరుగా పోయేవే. ఆగిన భామను నేను అంతవరకు చూడలేదు. నా కొడుకు గళ్ల పుస్తకంలో గడికొక పోగు చొప్పున దించుకున్నాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అడిగితే ఆమే చూపించేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అడిగి నేర్చుకుంటే రెండోదాన్నవుతాను. నాకు మొదటిదాన్ని కావాలని ఉండె.

తొందరలో ఒకటి మరిచాను. అడుగు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. ఒక భామ నేశాక గానీ తెలియలేదు. విప్పితే రంగునూలు పాడవుతుందని అలాగే కానిచ్చాను. ఆ పిసినారితనమే తరువాత నన్ను కాపాడింది. కాపాడింది అని రాయడానికి చెయ్యి ఆగుతోంది, కానీ జరిగింది అదే.

నర్సవ్వ అన్న దినాలు చేసి వచ్చి తన చీర పూర్తిచేసే లోపే నాది నేతవాళ్ల సంఘంలో ఇచ్చేశాను. నాలుగు రోజులకు ఆమె తనది తెచ్చింది. సంఘం పెద్దమనిషి నన్ను పిలిపించి, రెండు చీరలూ బల్ల మీద పరిచాడు.

“ఏందిది నర్సవ్వా? రెండు ఒక్కతీరుగనే ఉన్నయి?”

నర్సవ్వ మొదట నవ్వింది. “గిది నా పిల్లనే గద పటేలా. గీమె ఇంట్లకు ఎట్ల పోయింది?”

పెద్దమనిషి చీరల మీదికి వంగి మళ్లీ చూశాడు. “అగో, ఒక్కతీరు ఏడున్నయి? నీదాంట్ల ముంత ఎడమచేతిల ఉన్నది. మన గొల్లభామ ఎన్నడన్న ఎడమచేతిల ముంత వట్టిందా?”

“ఎవలన్న పిలిస్తే కుడిచెయ్యి అడ్డం వెట్టుకోని చూస్తం. అందుకే ముంత ఎడమచేతికి ఇచ్చిన.”

ఎవరో నవ్వారు. “అయితే గీ భామ ఎడ్డిది కాదు, ఎడమచేతిది అన్నట్టు.”

అప్పుడు నేను నోరు తెరిచాను. తెరవకపోయినా బొమ్మ నాకే దక్కేది. ఈ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

“అక్కా, అడుగు దిక్కుకెల్లి చూసి నేస్తెనే బొమ్మ గట్ల ఉల్టా వడ్తది. గా మాత్రం నీకు ఎర్క లేదా?”

నేను చేసింది చేసినట్టు చెప్పాను, ఆమె నెత్తి మీద పెట్టి.

నర్సవ్వ నా దిక్కు చూసింది. నేను ఎక్కడ కూర్చుని ఆ బొమ్మను దించుకున్నానో ఆ క్షణాన ఆమెకు అర్థమైంది. నేతపని చేసేవాళ్లకు అది చెప్పనక్కర్లేదు. తాళంచెవి సంగతి అంటుందని కాచుకున్నాను. అనలేదు. “సరే తియ్యి చెల్లె. నాదే నకలు” అని చీర మడిచి చంకలో పెట్టుకుంది.

నా చీర పట్నంలో ప్రదర్శనకు పోయింది. వాడలో అందరూ నా బొమ్మ నేశారు. నర్సవ్వ మళ్లీ బొమ్మ జోలికి పోలేదు, ఉత్త తువ్వాళ్లు నేసింది. నాతో మాట్లాడడం మానలేదు. కరివేపాకు ఇచ్చేది, పిల్లల జ్వరం అడిగేది. తిట్టి ఉంటే నేనూ తిట్టి తేల్చుకునేదాన్ని.

మొన్న కాలేజీ పిల్ల ఒకతి వచ్చింది, పాత బొమ్మల మీద పుస్తకం వేస్తారట. ఈ భామ కింద నా పేరు పెడతామంది. చాయ్ పోసి, సరే అన్నాను. రెండు రోజుల తరువాత మనవరాలితో ఫోన్ చేయించి, నా పేరు వద్దన్నాను. “మరి ఎవరి పేరు పెట్టాలి అమ్మమ్మా?” అని ఆ కాలేజీ పిల్ల అడిగింది. ఫోన్ మనవరాలి చేతికి ఇచ్చేశాను. నాది కాదు అనడం సులువు. ఎవరిదో చెబితే, నాకెలా వచ్చిందో కూడా చెప్పాలి.

నర్సవ్వ ఇంకా ఉంది. చూపు ఆనదు. ఆమె దగ్గరికి పోను. పోతే, “పోనీ తియ్యి చెల్లె” అంటుంది. ఆ మాట తీసుకునే అర్హత నాకు లేదు. ఈ కాగితాలు మాత్రం రేపు ఆ కాలేజీ పిల్లకు పంపిస్తాను. మనవరాలు చదివితే చదవనీ.

వెనక్కి తిరిగి చూసే గొల్లభామ నర్సవ్వది. తాళంచెవి నమ్మి ఇస్తే, ఆమె మగ్గం గుంటలో కూర్చుని దాన్ని ఎత్తుకొచ్చింది నేను. రాశాను. ఇక దీన్ని నా ఒక్కదాని దగ్గరే దాచుకోనక్కర్లేదు.