లీజులో ఉన్న తలుపు

వీర్రాజు గారు హాలిఫాక్స్ దగ్గర ఓ చిన్న ఊరికి మునిసిపల్ ఇంజనీరు. ఇరవయ్యేళ్ల కిందట లైబ్రరీ కట్టడానికి డబ్బు చాలక, ఊరు ఆ భవనాన్ని ఓ అమెరికా కంపెనీకి లీజుకిచ్చి, మళ్లీ వాళ్ల దగ్గరే అద్దెకు తీసుకుంది. ఆ లీజు ఖర్చు చూపించి వాళ్లు అమెరికాలో పన్ను తగ్గించుకుంటారు, అలా మిగిలిన డబ్బులో ఊరికి వాటా. పన్ను తప్పించుకునే తెలివికి ఫారోల కాలం నుంచీ కొదవ లేదు కదా! లీజు కాగితాల్లో ప్రతి తలుపు కొలతా అంగుళాలతో సహా రాసిచ్చింది ఈయనే.

ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉండే తెలుగమ్మాయి సుప్రజ వీల్‌చైర్ లైబ్రరీ గుమ్మంలో పట్టదు. వెడల్పు చేయిస్తామని ఈయన మూడుసార్లు రాస్తే, లీజు ప్రకారం మార్పులు కుదరవన్నారు అమెరికా కంపెనీవాళ్లు.

"రిపేరైతే చేయొచ్చా అంకుల్?" అంది సుప్రజ, ఆ గుమ్మం ముందే వీల్‌చైర్ ఆపి.

"చేయొచ్చమ్మా."

"అయితే విరగ్గొట్టేద్దాం!"

"విరిగినా మళ్లీ అదే కొలతకి పెట్టాలి తల్లీ. ఆ కొలత రాసిన చెయ్యి ఇదే."

సుప్రజ నవ్వింది. ఆయన నవ్వలేకపోయారు. ఏ పుస్తకం కావాలో అడిగి, ఆమెను చలిలోనే ఉంచి, తనొక్కరే లోపలికి వెళ్లారు.