బీరు బారు పుస్తకంలో నా తొమ్మిది శుక్రవారాలు

కువైట్‌లో వరుసగా తొమ్మిది శుక్రవారాలు బీరు బారుకు పోయిన ఆడమనిషినని మా మండలంలో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి ఇంకా ఫోన్ రాలేదు, అంతే తేడా. ఆ తొమ్మిది వారాలూ నేను చీమల గురించి చదివానని తెలిసినవాళ్ళను మాత్రం ఒక చేతి వేళ్ళ మీద చెప్పేయవచ్చు. వాళ్ళలో ఒకాయనే ఈ పుకారును ఇల్లు చేర్చినవాడు కాబట్టి సాక్ష్యానికి ఆయన పనికిరాడు. అందుకని ఇదంతా నేనే రాసి పెట్టాల్సి వచ్చింది. ఫోన్‌లో తిరిగే ఫొటోకు నోటితో జవాబు చెబితే ఎవరూ వినరు. కాగితం మీద ఉంటే కనీసం చించడానికైనా చేతిలోకి తీసుకుంటారు.

కాగితం మీద ఈ నమ్మకం మా ఊరి శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. పదో తరగతితో బడి మానేశాను గానీ చదువు మానలేదు. అక్కడున్నవి రెండు బల్లలు, నాలుగు బీరువాలు. పశువుల గర్భకోశ వ్యాధుల నుంచి గ్రీకుల యుద్ధాల దాకా, బీరువాలో ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో చదివాను. ఇంగ్లీషు కూడా అక్కడి డిక్షనరీతోనే నేర్చుకున్నాను. దాని చివరి పేజీలు చెదలు తినేశాయి. అందుకే డబ్ల్యూ తర్వాత వచ్చే ఇంగ్లీషుకు నేను బాధ్యురాలిని కాను.

ఆ గ్రంథాలయంలో ఒక్కటే నియమం. లోపలికి రాగానే దారంతో కట్టిన పెన్నుతో రిజిస్టర్‌లో ఐదు గళ్ళు నింపాలి: పేరు, ఊరు, వచ్చిన టైము, చదివిన పుస్తకం, వెళ్ళిన టైము. సంతకాలు తగ్గితే గ్రంథాలయం మూసేస్తారని లైబ్రేరియన్ సారుకు భయం. వాన పడుతుంటే నిలబడడానికి వచ్చినవాళ్ళ చేత కూడా రాయించేవారు. "రాయకుంటే నువ్వు రానట్టేమ్మా" అనేవారు. ఆ మాట నా బుర్రలో మేకులాగా దిగిపోయింది.

కువైట్‌లో నేను పనిచేసేది ఒక కువైటీ ఇంట్లో. ఇంటావిడను మామా అంటాను, అందరు పనిమనుషులూ అన్నట్టే. మామాకు ఐదుగురు పిల్లలు. వంట, గిన్నెలు, ఇస్త్రీ, పిల్లలు అన్నీ నావే. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పొద్దుగూకే మగ్రిబ్ నమాజు దాకా మాత్రం నేను నా మనిషిని. ఆ కొన్ని గంటలూ మొదట్లో రిగ్గై అనే పేటలో అక్క గదిలో గడిపేదాన్ని. అక్క మా మండలం మనిషే, ఒక బడిలో క్లీనింగ్ పని చేస్తుంది. నన్ను ఈ ఇంట్లో చేర్చింది ఆవిడే, కాబట్టి నా మంచీచెడ్డా తన పూచీ అనుకుంటుంది. గదిలో ఎనిమిది మంది ఆడవాళ్ళం, ఒక కోడికూర, ఎనిమిది ఫోన్లు. కూర బాగుండేది. ఫోన్లే భరించలేకపోయాను.

ఒకసారి పిల్లలకు బొమ్మల పుస్తకాలు కొనడానికి మామా నన్ను, ఇంటి కారు నడిపే డ్రైవరన్నను తోడిచ్చి, పంపింది. దజీజ్‌లో గోదాముల మధ్య ఉంది ఆ అంగడి. అద్దం మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు: పుస్తకాలు, కాఫీ, క్రాఫ్ట్ బీర్ బార్. కింద చీమ తలకాయంత అక్షరాలతో, మత్తు లేనిదని. ఈ దేశంలో మందు లేదు కదా. చిన్న అక్షరాలు పోలీసుల కోసం, పెద్ద అక్షరాలు మనసు కోసం. డ్రైవరన్న కారులోనే కూర్చున్నాడు కాబట్టి ఆయన చదివింది పెద్ద అక్షరాలే.

లోపల పొడుగాటి చెక్క బల్ల, దాని వెనక ఆరు కుళాయిలు. ఒకదాంట్లో బార్లీ, ఒకదాంట్లో ఖర్జూరం, ఒకదాంట్లో అల్లం. బల్ల దగ్గర ఒక గ్లాసు తీసుకుని కూర్చున్నవాళ్ళు పక్క అరలో ఉన్న పుస్తకాలు ఎంతసేపైనా చదువుకోవచ్చు. అవి అమ్మకానికి కావు, చదువుకోవడానికే పెట్టినవి. ఆ మాట విన్నాక నాకు పిల్లల బొమ్మల పుస్తకాలు ఏవి కొన్నానో కూడా గుర్తులేదు.

తర్వాతి శుక్రవారం ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. బార్లీ గ్లాసు తీసుకున్నాను, అన్నిట్లో అదే చవక. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న అంబలిలా ఉంది. అరలో చీమల మీద రాసిన లావుపాటి పుస్తకం దొరికింది. కూర్చోబోతూ ఆగిపోయాను. రాయకుంటే రానట్టే కదా!

కౌంటర్‌లో ఉన్న మలయాళీ పెద్దాయనను, వాళ్ళ భాషలో అన్నా అని పిలిచి, హిందీలో అడిగాను. "చేట్టా, రాసే పుస్తకం ఎక్కడ?"

ఆయన ముఖం వెలిగిపోయింది. నల్ల అట్ట పుస్తకం ఒకటి తెరిచి నా ముందుకు తోశాడు. తెరిచిన పేజీలో అరబ్బీలో రెండు పేర్లు, ఐదు గళ్ళు, దారంతో కట్టిన పెన్ను. ఐదు గళ్ళే! కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. పేరు పెద్దగా రాశాను. ఊరు, టైము, పుస్తకం అన్నీ రాశాను. మా సారుకు కంప్లయింట్లు రాసిపెట్టే అలవాటు కొద్దీ కింద నాలుగు ముక్కలు కూడా రాశాను.

అది తాగినవాళ్ళు అభిప్రాయం రాసే పుస్తకమని, ఆ ఐదు గళ్ళు పేరు, పానీయం, రంగు, నురగ, రుచి కోసమని మొదటి పేజీలో మాత్రమే ఉంది. మొదటి పేజీ నాకెవరు చూపించారు? అటు చేట్టన్ నేను బార్లీ నీళ్ళ మీద ప్రతివారం అరపేజీ రాస్తున్నానని మురిసిపోయి, యజమానికి కూడా చెప్పాడట. ఇలా తొమ్మిది వారాలు మేమిద్దరం ఒకరినొకరు ఎంతో గౌరవించుకున్నాం.

పదో వారం సగంలో, హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒక మేడమ్ ఆ పుస్తకంలో తెలుగు అక్షరాలు చూసింది. ముచ్చటపడి రెండు ఫొటోలు తీసింది. ఒకటి అట్ట, దాని మీద నురగ కారుతున్న గ్లాసు బొమ్మ. రెండోది నా పేరు, మా ఊరు. సన్నగా రాసిందేదీ ఫొటోలో కనబడదు. వాటిని ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఆమె రాసింది: "బీర్ టేస్టింగ్ బుక్‌లో మన తెలుగక్క! తొమ్మిది వారాలు ఒక్కటి కూడా మిస్ కాలేదు, హ్యాట్సాఫ్!"

గురువారం పొద్దున ఉల్లిపాయలు తరుగుతుంటే అక్క ఫోన్ చేసింది.

"ఏందిమే, బారుకు పోతాండావంట?"

"బారు కాదక్కా, పుస్తకాల అంగడి."

"పుస్తకాల అంగట్లో నురగ గ్లాసెందుకుంటాది?"

"అవి బార్లీ నీళ్ళక్కా."

"బార్లీ నీళ్ళు జరమొస్తే తాగుతారు. నీకు తొమ్మిది వారాల్నించి జరమా? నా మొగం యాడ పెట్టుకోవాల మే?"

నేను ఉల్లిపాయలు తరగడం ముగించే లోపలే, ఆ ఫొటో చూసిన డ్రైవరన్న మామాకు చెప్పేశాడు. ఆయన అన్నమయ్య జిల్లా మనిషి, చెడ్డవాడు కాడు. పోలీసుల దాకా పోతే ఆ అంగడికి మొదట తీసుకుపోయిందెవరని అడిగేది తననే అని ఆయన భయం. ఆ రాత్రి మామా వంటింటి గుమ్మంలో నిలబడి చేత్తో గాలిని కోసింది. "జుమా ఖలాస్."

శుక్రవారం ఇక లేదు. మా సారు రాయకుంటే రానట్టే అన్నారు. రాసినందుకు రావడమే ఆగిపోయింది. శుక్రవారం పోతే నాకు మిగిలేది ఏడు రోజుల పని, గిన్నెల మధ్య ఇంకో గిన్నె బతుకు. దానికి తోడు చీమల పుస్తకంలో ఇంకా నలభై పేజీలున్నాయి. రెండు పుట్టల చీమలకు యుద్ధం మొదలైన చోట ఆపి వచ్చాను.

నాకు వచ్చిన అరబ్బీ అంతా కూడదీసుకుని అన్నాను. "మామా, నేను ఎప్పుడొచ్చానో, ఎప్పుడు పోయానో, ఏం చేశానో అన్నీ ఆ పుస్తకంలో రాసి ఉన్నాయి. చూడండి."

చేప మొప్పలు ఎత్తి చూడనిదే కొనని మనిషి మామా. శుక్రవారం భోజనాలు కాగానే అబాయా వేసుకుంది. "యల్లా, పద" అంది.

ముగ్గురం పోయాం. నన్ను చూసి చేట్టన్ రెండు చేతులూ చాచాడు. అభిమాన ఖాతాదారు కుటుంబంతో వచ్చిందనుకున్నాడు పాపం. నల్ల పుస్తకం తెచ్చిపెట్టాడు. మామాకు తెలుగు రాదు. నన్ను చదవనివ్వలేదు. "నువ్వు కాదు, అతను" అని డ్రైవరన్నకు తోసింది.

డ్రైవరన్న కారు వెనక్కి తీసినట్టు చదువుతాడు. ఆగుతాడు, చూస్తాడు, మళ్ళీ ఆగుతాడు. "వచ్చింది... రెండూ పది. పోయింది... ఐదుంబావు. ఒకటో పేజీ నుంచి ఇరవయ్యారు. కుర్చీకి... ఒక కాలు పొట్టి."

అరబ్బీలో చెప్పాడు. మామా తలూపింది. చేట్టన్ ఆగలేక, రుచి గురించి ఏం రాసిందని హిందీలో అడిగాడు. కుర్చీ కాలు పొట్టి అని రాసిందన్నాడు డ్రైవరన్న. చేట్టన్ ముఖంలో నురగంతా దిగిపోయింది. వంగి ఆ కుర్చీ కాలి కింద ఒక అట్టముక్క మడిచి పెట్టాడు.

రెండో వారం, మూడో వారం బాగానే గడిచాయి. నాలుగో వారం దగ్గర డ్రైవరన్న బ్రేకు వేశాడు. నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఇది గూడా చదవాల్నా చెల్లెమ్మా?"

"చదువన్నా, నాకేం భయం?"

"'రాణి ఏ పనీ చేయదు. కదలకుండా కూర్చుంటుంది. తిండి నోటికందించాలి. ఇల్లంతా మోసేది మిగతా ఆడవాళ్ళే.' ఏంది చెల్లెమ్మా ఇది?"

"చీమల గురించన్నా!"

"చీమలని యాడ రాసినావు? పైన మొదటి వారంలో రాసుంటే రాసుంటావు. ఈడ రాణి మాత్రమే ఉండాది."

నిజమే. పుస్తకం పేరు మొదటి వారమే రాశాను, తర్వాత అన్నీ 'పైదే' అని పెట్టాను.

"షినూ? ఏముంది?" అంది మామా.

నిన్ననే నన్ను ఒక్క మాటతో అమ్మేసిన మనిషి ఇప్పుడు నా కోసం చెమటలు కక్కాడు. కానీ అబద్ధం చెప్పేంత అరబ్బీ ఆయనకు రాదు. "మామా... మలికా... పని చెయ్యదంట" అన్నాడు.

మామా నల్ల కళ్ళద్దాలు నెమ్మదిగా తీసింది. "ఎవరా రాణి?"

నేను అరకు పరిగెత్తాను. చీమల పుస్తకం తెచ్చి బొమ్మ ఉన్న పేజీ మామా ముందు పరిచాను. బస్తాలాంటి పొట్టతో రాణి చీమ, చుట్టూ దాన్ని నాకుతూ, మేపుతూ, మోస్తూ చిన్న చీమలు. చేట్టన్ అందుకుని "నమల్, నమల్" అన్నాడు. చీమకు అరబ్బీ మాట అదేనట. మామా ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు మీది ఫొటోను కూడా ఆవిడ అంతసేపు చూడలేదు.

"ఇది గుడ్లు ఎన్ని పెడుతుంది?"

"లెక్కలేనన్ని మామా. బతికినన్నాళ్ళూ అదే పని."

మామా డ్రైవరన్న వైపు తిరిగి గబగబా ఏదో చెప్పింది. ఆయన నవ్వు ఆపుకుంటూ తెలుగు చేశాడు. "మామా అంటాంది, నేను ఐదుమందిని కన్నా, అది పని కాకుంటే ఏంది అంటాంది. రాణికి పని లేదని రాసినోళ్ళు ఒక్క గుడ్డన్నా పెట్టి సూడాలంట. తప్పు దిద్దమంటాంది."

రిజిస్టర్‌లో కొట్టివేతలు ఉండకూడదని మా సారు నియమం. అందుకని కింద రాశాను: 'సవరణ. రాణి కూడా పని చేస్తుంది. చాలా ఎక్కువ పని.' డ్రైవరన్న చదివి వినిపించాడు. మామా ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఖర్జూరం కుళాయి చూపించి గ్లాసు పట్టించుకుంది, ఒక గుక్క తాగింది, పెన్ను లాక్కుని నా లైను కిందే అరబ్బీలో ఐదు గళ్ళూ నింపింది. చేట్టన్ అది చదువుకుని మళ్ళీ మనిషయ్యాడు. నురగ తక్కువని రాసిందట.

కారెక్కుతూ మామా తీర్పు చెప్పింది. శుక్రవారం నాదే. కానీ ప్రతివారం పుస్తకంలో రాయాలి, డ్రైవరన్న లోపలికొచ్చి అది చదివి తనకు చెప్పాలి.

"నేనేం పాపం జేసినానబ్బా?" అన్నాడు డ్రైవరన్న. ఇప్పుడు వారం వారం అల్లం గ్లాసు తాగుతూ నా దస్తూరీని తిడతాడు. వెనకటి కన్నా వేగంగా చదువుతున్నాడని మాత్రం ఒప్పుకోవాలి.

అక్క నా మాట నమ్మలేదు. ఒక శుక్రవారం తనే వచ్చింది, బార్లీ రెండు గ్లాసులు తాగింది, బల్ల గట్టిగా పట్టుకుని అరగంట కూర్చుంది.

"ఇంగా ఎక్కలేదేమే?"

"ఎక్కదక్కా."

"ఎక్కని దానికి మండలమంతా ఇంత పేరా! మన రాతలే ఇట్లుండాయి" అని నిజంగానే నొచ్చుకుంది. ఫోన్ చేసి గదిలో మిగతా ఆరుగురికీ తనే చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. ఇప్పుడు ఇద్దరం బారుకు పోతున్నామని అనుకుంటున్నారు.

సాయం చేసినవాళ్ళను పేరు పేరునా తలచుకోవడం మర్యాద. మేమందరం ఇఖామా మీద బతికేవాళ్ళం, ఇక్కడ పేరు రాస్తే ఏమవుతుందో నాకు ఈపాటికి బాగా తెలుసు. అందుకని పిలిచే పిలుపులతోనే సరిపెడతాను. రాయకుంటే రానట్టే అని నేర్పిన సారుకు, నా కంప్లయింట్లన్నిటినీ మెచ్చుకోళ్ళనుకుని దాచిన చేట్టన్‌కు, అబద్ధం ఆడాలని మనసారా ప్రయత్నించిన డ్రైవరన్నకు, నా పూచీ కోసం రెండు గ్లాసులు తాగిన అక్కకు, హ్యాట్సాఫ్ చెప్పిన హైదరాబాద్ మేడమ్‌కు, పిల్లల్ని కనడం పనేనని గుర్తుచేసిన మామాకు నా కృతజ్ఞతలు. చీమలకు కూడా. యుద్ధంలో చిన్న పుట్ట గెలిచింది.

చదివిన పుస్తకం: చీమలది, ఆఖరి పేజీ దాకా. వచ్చే వారం నుంచి చదవడానికి పక్క అరలో ఉప్పు గురించి ఒకటుంది. వెళ్ళిన టైము: ఐదూ ముప్పయ్యైదు. డ్రైవరన్న హారన్ కొడుతున్నాడు.