కాటా దగ్గర లాక్కున్న తాళం

నా కోపం సంగతి మా వాళ్ళందరికీ తెలుసు, ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతోనే ఒకసారి నా ప్రాణం కాపాడిన మనిషి చొక్కా పట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎనభైల నాటి మాట. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. పోర్టు గోదాముల నుంచి అక్కడికి లారీలో సిమెంటు తోలేవాణ్ణి. దారిలో కాటా దగ్గర ఆగి లోడు తూకం వేయించాలి. లారీని ఇనుప పలక మీదకి సరిగ్గా ఎక్కించి ఆపాలి, ఒక్క చక్రం బయట ఉన్నా తూకం రాదు. నేను ఒక్క ఊపులో ఎక్కించేవాణ్ణి. ముందుకీ వెనక్కీ జరుపుకునే డ్రైవర్లని చూసి నవ్వేవాణ్ణి కూడా.

ఒకసారి రొయ్యలు తిని ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి. వన్ టౌన్‌లో మందుల షాపాయన బిళ్ళలిచ్చి, "పడుకునేటప్పుడు ఒకటే ఏసుకో, మత్తుగుంటాది" అన్నాడు. ఎవడు వింటాడు! ఒకపక్క దురద, ఇంకోపక్క తొందర. మధ్యాహ్నానికి సిమెంటు దింపేసి, అదే లారీలో ఎలమంచిలి వెళ్ళాలి. పురుటికి పుట్టింటికెళ్ళిన నా భార్యనీ మూడు నెలల పాపనీ తీసుకొస్తానని మాటిచ్చాను. పొద్దున్నే రెండు బిళ్ళలు మింగి బండి తీశాను. మత్తంటే సారా, గంజాయి. దద్దుర్ల బిళ్ళకి మత్తేమిటి అనుకున్నాను. క్లీనరు సెలవు పెట్టాడు, పక్కన ఎవరూ లేరు.

కాటా గుమస్తా నాకంటే పదేళ్ళు పెద్ద. ఇద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఆ రోజు ఆయన తూకం చీటీ రాయకుండా గదిలోంచి బయటికొచ్చి, క్యాబిన్ పక్కన నిలబడి నన్నే చూశాడు.

"దిగు బావా."

"ఎందుకు? సీటీ రాసిచ్చీ, నానెల్లాల."

"దిగు ముందు."

దిగాను. ఈలోగా ఆయన లోపలికి చెయ్యి పెట్టి తాళం లాగేశాడు. ఇక చూసుకోండి! చొక్కా పట్టుకున్నాను.

"నాను తాగీసినాననుకుంటన్నావేటి? సూడు!" అని ఆయన మొహం మీదే ఊదాను.

అప్పట్లో మాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. వాసన రాకపోతే మనిషి బాగున్నట్టే లెక్క. వెనక లైన్లో ఉన్న డ్రైవర్లు గొల్లున నవ్వారు. గెలిచాననుకున్నాను. ఆయన నా చెయ్యి విడిపించుకోలేదు. మెల్లగా ఒకటే అడిగాడు.

"ఒచ్చినప్పుడు రైలు గేటు ఏసుందా, తీసుందా?"

గేటు గుర్తు లేదు. దానికి ముందుండే బడి గుర్తు లేదు. పోర్టులో బండి తీయడం తెలుసు, కాటా దగ్గర ఆపడం తెలుసు. మధ్యలో రోడ్డన్నదే లేదు. రోజూ నేను వచ్చే వేళకి ఆ బడి పిల్లలు గుంపులుగా రోడ్డు దాటుతుంటారు. పట్టుకున్న చొక్కా వదిలేశాను.

ఆయన నన్ను గదిలో బల్ల మీద పడుకోబెట్టాడు. నాలుగింటి దాకా ఒళ్ళు తెలియలేదు. లేచాక తన క్యారేజీలో మిగిల్చిన చారన్నం పెట్టి, అప్పుడు చెప్పాడు.

"మూడుసార్లు ముందుకీ ఎనక్కీ జరిపినావు, అయినా ఓ సక్రం బయటే ఉంది. నీకు తెలీనేదు, ఒకేపాలి ఎక్కించీసినట్టు నవ్వుతన్నావు. దిగినప్పుడు కాలితో నేల ఎతుక్కున్నావు. ఊరికే పెదాలు తడుపుకుంటన్నావు. కళ్ళు తెరిసే ఉన్నాయి గానీ నన్ను సూడ్డం లేదు. ఏటి మింగినావు బావా?"

జేబులోంచి బిళ్ళల పొట్లం తీసి చూపించాను. ఆయన తల కొట్టుకున్నాడు. ఎలమంచిలిలో పెళ్ళాం, పాప ఎదురుచూస్తుంటారని ఎంత బతిమాలినా ఆ పూట తాళం ఇవ్వలేదు, బస్సెక్కి ఇంటికి పొమ్మన్నాడు.

బస్సు రైలు గేటు దగ్గర ఆగింది. నేను దిగి గేటు కాసే ఆయన్ని అడిగాను, పొద్దున సిమెంటు లారీ ఏదైనా వెళ్ళిందా అని.

"ఆ లారీ ఓడా! ఆడు దొరికితే సెప్పు, సెంప పగలగొట్టీసి పంపుతాను" అన్నాడు. "గేటు దించుతంటే కిందనుంచి దూరిపోనాడు. నానెంత కేకేసినా ఇనపడ్నేదు. ఆడి ఎనకే గూడ్సు పోనాది."

నేనేనని చెప్పి చెంప చూపించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి కొట్టకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు తాళం కోసం వెళ్ళి, చొక్కా పట్టుకున్నందుకు క్షమించమనబోయాను. "బొత్తాం ఒకటి ఊడిపోనాది, మీ అప్ప కుట్టీసినాది. ఎల్లు, ఎలమంచిలిలో ఎదురుసూత్తుంటారు" అన్నాడు గుమస్తా, వాళ్ళావిడని నాకు అప్పని చేసి. అంత మంచి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చల్లగా ఉండాలి ఆయన పిల్లలూ, వాళ్ళ పిల్లలూ.

సిమెంటు దింపి ఎలమంచిలి వెళ్ళేసరికి నా భార్య గుమ్మంలోనే తిట్లు అందుకుంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి సంచులు సర్దుకుని కూర్చుందట. క్యాబిన్‌లోకి ఎక్కినా ఆపలేదు.

"కబురైనా ఎట్టవా? మాటంటే నెక్కనేదా నీకు? సంటిపిల్లనెట్టుకుని పొద్దుగూకులూ రోడ్డుకేసి సూడ్డమేనా నా పని?"

మామూలుగా అయితే మాటకి రెండు మాటలు అనేవాణ్ణి. నిన్న ఆ గూడ్సు గుద్దేసి ఉంటే ఈ తిట్లు వినడానికి నేనుండేవాణ్ణి కాను. పాప ఆవిడ ఒళ్ళో, వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. అనకాపల్లి దాకా ఆవిడ తిడుతూనే ఉంది, నేను కిక్కురుమనకుండా బండి నడుపుతూనే ఉన్నాను. అలిసిపోయి ఎప్పుడో ఆగింది.

"ఆగిపోనావేటి? ఇంకా తిట్టు" అన్నాను.