బార్‌కోడ్ మీద ప్రార్థన నూనె

ఈ పత్రిక చేతిలో పట్టుకున్న సహోదరీ సహోదరులారా, మా గుమ్మానికి వాపసు వచ్చిన పార్సిళ్ల గురించి మీకు చెప్పాలి, సిగ్గుపడకుండా చెప్పాలి, ఎందుకంటే నాకు విశ్వాసం తగ్గిపోయిందని మా సంఘంలోనే కొందరు అనుకుంటున్నారు.

బొంగులూరు దగ్గర కడుతున్న ఇంటి స్లాబ్ మీద నుంచి పడి నా భర్త మంచం పట్టాక, ఇబ్రహీంపట్నంలో మా రెండు గదుల ఇంటికి నా కుట్టుమిషన్ ఒక్కటే దిక్కయింది. చిన్నపిల్లల కాటన్ గౌన్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాను. మొదట పాత ఇంకు ప్రింటర్ ఒకటి తెచ్చుకుని, మామూలు తెల్ల కాగితం మీద చిరునామాలు తీసి, కత్తిరించి, టేపు అంటించేదాన్ని. వానలు పడగానే ఇంకు కారి అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. అప్పుడు ప్రార్థన చేసుకుని, ఇంకు అవసరం లేకుండా వేడితోనే అచ్చు వేసే థర్మల్ ప్రింటర్, దానికి సరిపోయే అంటించే లేబుళ్లు కొన్నాను. లేబుళ్లలో రెండు రకాలు చూపిస్తే చవక రకమే తీసుకున్నాను. ఇక కష్టాలు తీరాయనుకున్నాను.

తీరలేదు. కొద్ది రోజులకే పార్సిళ్లు వెనక్కి రావడం మొదలైంది. కొరియర్ తెచ్చే అన్న గోనెసంచి గుమ్మంలో దించి, "అక్కా, గివి గూడ వాపస్ వచ్చినయ్. బార్‌కోడ్ మెషిన్‌కు కనవడ్తలేదు. జర చూస్కో, లేకుంటె నీ ఖాతా బంద్ చేస్తరు" అన్నాడు.

ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఆ ఖాతా పోతే మా పొయ్యి వెలగదు. ప్రింటర్‌ను దుకాణానికి రెండుసార్లు మోశాను, వాళ్లేమో బాగానే ఉందన్నారు. సాతానును గద్దించాను, ఉపవాసమున్నాను, ఇంకా ఎక్కువ నూనె రాశాను. అవును, నూనె. మా అత్తమ్మ ప్రార్థన చేయించి తెచ్చిన సీసాలో వేలు ముంచి, ప్రతి లేబుల్‌కూ సరిగ్గా ఆ నల్లగీతల మీదే రాసి పంపేదాన్ని. రాయకుండా పంపితే పార్సిల్ దారిలో పోతుందని నా భయం.

ఒక మధ్యాహ్నం వాపసు వచ్చిన పదకొండు పార్సిళ్ల మధ్య కూర్చుని, "ప్రభువా, నీ నూనె రాశాక కూడా శత్రువు వీటిని ఎలా ముట్టుకున్నాడు? నాకు కోపంగా ఉంది, చూపించు" అని అడిగాను. దేవుణ్ణి అలా అడగకూడదంటారు. నేను అడిగాను. కళ్లు తెరిచి చూస్తే పదకొండు లేబుళ్ల మీదా అచ్చు ఒకే చోట, నా వేలంత మేర వెలిసిపోయి ఉంది. వెంటనే రెండు కొత్త లేబుళ్లు తీసి ఒకదానికి నూనె రాశాను, ఒకటి ఉత్తగా ఉంచాను. మర్నాటికి నూనె రాసినదాని మీద గీతలు పాలిపోయాయి, రెండోది చెక్కుచెదరలేదు. ఏ శత్రువూ రాలేదు సహోదరులారా, అది నా వేలి పనే!

అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆరాధన అయ్యాక నలుగురి ముందే, "నూనె పెట్టుడు బంద్ జేస్తవా? గంత విశ్వాసం తగ్గిందా నీకు?" అని అడిగింది.

"తగ్గలే అత్తమ్మా. ఇన్ని దినాలు నేను దేవుణ్ణి నమ్మలే, సీసాను నమ్మిన. గా భయం నుంచే ఆయన నన్ను విడిపించిండు" అన్నాను. ఆ మాట మీద ఇవాళ కూడా నిలబడే ఉన్నాను.

తర్వాత నీళ్లు, నూనె తగిలినా చెరగని పైపూత లేబుళ్లు తెప్పించాను. వాటికి నూనె రాసినా ఏమీ కాదు. అయినా రాయలేదు, రాయను. పార్సిళ్లు చేరుతున్నాయి, ఖాతా నిలిచింది, దేవునికే మహిమ.

మీకూ ఏదైనా పదే పదే వెనక్కి వస్తుంటే ఆయన్నే అడగండి, కోపంగానైనా అడగండి, ఆయన తట్టుకుంటాడు, మీ వేలినే చూపించినా మిమ్మల్ని వదిలిపెట్టడు. ఇక నాకు విశ్వాసం లేదనేవాళ్లు వచ్చే ఆదివారం వచ్చి నా పక్కనే కూర్చోండి, ఎవరి పాట గట్టిగా వినిపిస్తుందో చూద్దాం.