నడుము లోతు

సౌదీలోని హుఫూఫ్‌లో ఖర్జూరం తోటల వైపు పోయే దారిలో ఉంది ఆ ఇల్లు. పెరట్లో ఈతకొలను. దాన్ని కొలను అనడానికి నాకు నోరు రాలేదు, అచ్చంగా బావి. నాలుగు వైపులా నిటారు గోడలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే లోతు. దిగి నిలబడి చేయెత్తితే నా వేళ్ల కొసలు మాత్రం అంచుకు తగిలాయి. దిగడానికి ఉన్న ఇనుప నిచ్చెనకు రెండు మెట్లు ఊడిపోయాయి. ఈత బాగా వచ్చిన మగవాళ్ల కోసం ఇంటాయన తండ్రి ఎప్పుడో కట్టించుకున్నాడట. నేను చూసేసరికి నీళ్లు లేవు. అడుగున ఇసుక, ఎండుటాకులు, ఒక పిల్లల చెప్పు పడి ఉన్నాయి. పైన చెక్కలు అడ్డంగా పరిచారు.

తండ్రి పోయాక ఇల్లు కొడుకు చేతికి వచ్చింది. అతనికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. భార్య, నాలుగేళ్ల కూతురు, అప్పుడే నడక నేర్చిన కొడుకు. కొలను మార్చు, లేదా ఇసుక పోసి పూడ్చెయ్ అని భార్య పట్టుబట్టిందట. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. మేము పెరట్లోకి అడుగు పెట్టగానే వంటింటి తలుపు మూసుకునేది, కిటికీ తెరలు పడేవి. పిల్లల గొంతులు మాత్రం లోపల్నుంచి వినబడేవి.

నాది జగిత్యాల దగ్గర పల్లె. పని టైల్స్ మేస్త్రీ. ఇది రెండు వేల సంవత్సరం దాటి అయిదారేళ్లయిన రోజుల మాట. మా కంపెనీలో పెద్ద పనులకే ఇంజనీరు కదిలేవాడు. ఇళ్లలో పనులకు నన్ను టేపు, నోటుపుస్తకం ఇచ్చి పంపేవారు, కొలిచి గీసుకురమ్మని. చూసి చూసి ప్లాను గీయడం నేర్చుకున్నాను. ఇంజనీరు కంటే శుభ్రంగా గీస్తానని నాకు పొగరు కూడా ఉండేది. ఎవరైనా నా కొలత తప్పంటే ఒళ్లు మండిపోయేది.

ఆ ఇంటాయన రోజుకో మాట చెప్పేవాడు. మొదటి రోజు గోడ మీద డాల్ఫిన్ బొమ్మ కావాలి, దాని నోట్లోంచి నీళ్లు పడాలి అన్నాడు. రెండో రోజు డాల్ఫిన్ వద్దు, రాళ్ల మీంచి జలపాతం అన్నాడు. మూడో రోజు రెండూ ఉంటే ఏం అన్నాడు. నేను గీయడం, రబ్బరుతో చెరపడం, మళ్లీ గీయడం. నోట్లో తిట్టుకుంటూ పైకి నవ్వేవాణ్ని. కానీ ఒక్క మాట మాత్రం అతను మూడు రోజులూ మార్చలేదు. ఒక చివర కాంక్రీటు పోసి అడుగు పైకి లేపాలి, అక్కడ పాపకు నీళ్లు ‘నుస్’ దాకానే రావాలి. నుస్ అంటే సగం. అంతకు మించి ఒక్క వేలెడు కూడా రాకూడదు అని వేలు పెట్టి చూపించేవాడు.

సగం అంటే నడుమే కదా అనుకున్నాను. మా దగ్గర నీళ్ల లోతు ఒంటితోనే చెబుతాం. మోకాలి లోతు, నడుము లోతు, రొమ్ము లోతు, తల మునిగే లోతు. ఎవరి మోకాలు, ఎవరి నడుము అని ఎవరూ అడగరు. నోటుపుస్తకంలో ‘నడుము లోతు’ అని రాసి, పక్కన అంకె వేయబోతే చెయ్యి ఆగిపోయింది. నాలుగేళ్ల పిల్ల నడుము నేల మీంచి ఎంత ఎత్తున ఉంటుంది?

ఇంటాయన్ని అడిగాను. అరచేయి తన తొడ దగ్గర పెట్టి ఇంత అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగితే జేబు దగ్గర పెట్టాడు. రెంటికీ మధ్య జానెడు తేడా. టేపు పెట్టి కొలిచి చెప్పమన్నాను. బుక్రా అన్నాడు. అంటే రేపు. ఆ రేపు వచ్చింది, మళ్లీ బుక్రా అన్నాడు. చెడ్డవాడు కాదు, మరుపు మనిషి. కన్నకూతురు ఎంత ఎత్తుందో తెలియని తండ్రి ఉంటాడా అని రూముకు వచ్చి నలుగురి ముందు ఎగతాళి చేశాను.

నాకూ నాలుగేళ్ల కూతురు ఉంది. నేను విమానం ఎక్కినప్పుడు నా భార్యకు ఏడో నెల. రెండేళ్లకు సెలవు వచ్చింది. కట్టుకుంటున్న ఇల్లు పూర్తయ్యాక ఒకేసారి పోదామని నేనే వాయిదా వేసుకున్నాను. తర్వాతి ఏడూ అంతే. పోకుండా నన్ను ఎవరూ ఆపలేదు, ఆ సంగతి ఇప్పటికీ మింగుడు పడదు. బిడ్డవి మూడు ఫోటోలు ఉండేవి నా దగ్గర. తల్లి ఒడిలో ఒకటి, స్టూడియో కుర్చీలో ఒకటి, ప్లాస్టిక్ గుర్రం మీద ఒకటి.

శుక్రవారం ఫోన్ చేసినప్పుడు బిడ్డను కొలవమని నా భార్యకు చెప్పాను. నేల నుంచి నడుము దాకా ఎంత, నెత్తి దాకా ఎంత. ఎందుకని అడిగింది. కొలను కథంతా చెప్పాను. ఈ అరబ్బు కొలనుకు మన బిడ్డే కొలత అయ్యేట్టుంది అని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇంట్లో టేపు లేదు, దారంతో కొలిచి పంపుతానంది. పక్క ఊరతను సెలవు ముగిసి ఆ వారమే తిరిగి వస్తున్నాడు. అతనితో పంపమన్నాను. నా పనికి బిడ్డ అక్కరకు రావడం అదే మొదటిసారి. ఆ వారమంతా పనిలో ఉషారుగా ఉన్నాను.

సకినాల పొట్లంలో, కాగితం మడతలో వచ్చింది ఆ దారం. తెల్ల నూలు పోగు, మూడు ముడులు. మోకాలి దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి, నెత్తి దగ్గర ఒకటి. రూములో గోడకు పట్టి మూడు చోట్లా పెన్సిల్‌తో గీతలు పెట్టాను. ఆ గీతల ముందు కూర్చుని సకినాలు తిన్నాను. గోడతో కాపురం పెట్టావా అని రూములోవాళ్లు ఆటపట్టించారు. ఎవరేమన్నా నాకు పట్టలేదు. నా బిడ్డ ఎంత ఉందో నాకు తెలిసింది, అంత సంతోషం ఆ నాలుగేళ్లలో ఎరగను. నడుము ముడి దగ్గరకు టేపు పెడితే నలభై అయిదు సెంటీమీటర్లు. నోటుపుస్తకంలో ఖాళీగా ఉన్నచోట 45 అని వేశాను. ఆ ప్లాను చాలా శ్రద్ధగా గీశాను. నీళ్లకు నీలం పెన్సిల్, మెట్లకు గోధుమరంగు, చుట్టూ కంచె, పిల్లల చేతికి అందని గొళ్లెం కూడా వేశాను.

మర్నాడు సాయంత్రం పెరట్లో బల్ల మీద ప్లాను పరిచాను. ఇంటాయన డాల్ఫిన్ బాగుందన్నాడు. కంచె చూసి తల ఊపాడు. అతని వేలు 45 దగ్గర ఆగింది. ఇది చిన్నోడికి, పాపకు కాదు అన్నాడు. పాపకే అన్నాను. కాదన్నాడు. నాకు కోపం వచ్చింది. నాకూ నాలుగేళ్ల కూతురుంది, ఆమెను కొలిపించి మరీ వేశాను అని వచ్చిన అరబీలో, రాని చోట హిందీలో గట్టిగా చెప్పి, జేబులోంచి దారం తీసి చూపించాను.

అతను దారాన్ని చూశాడు. లోపలికి వెళ్లి పాపను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గులాబీ రంగు గౌను, కాళ్లకు చెప్పుల్లేవు, ఆట మధ్యలో లేపుకొచ్చారని మూతి ముడుచుకుంది. గోడకు ఆనించి నిలబెట్టాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని దారం ఒక కొస ఆ పిల్ల మడమ దగ్గర నొక్కి, రెండో కొస పైకి లాగాను. నడుము ముడి ఆమె తొడ మీదకు వచ్చింది. నెత్తి ముడి ఆమె గడ్డం కింద, గదవ దగ్గరే ఆగింది. మడమ దగ్గర సరిచేసుకుని మళ్లీ లాగాను. మళ్లీ గదవే. మూడోసారి లాగితే చక్కిలిగింత పుట్టి పిల్ల నవ్వింది.

నీ కూతురికి ఎన్నేళ్లు అని అతను మెల్లగా అడిగాడు. లెక్క వేసి చూస్తే మా బిడ్డే మూడు నెలలు పెద్ద. అతను దారం కొస తిప్పి చూశాడు. దారం ఎక్కడో తెగి ఉంటుంది అన్నాడు. తెగే ఉంటుంది అని నేనూ అన్నాను. పాపను లోపలికి పంపి, పెన్సిల్ తీసుకుని తనే నడుము లోతు యాభై అయిదుకు మార్చాడు. 45ను మాత్రం కొట్టెయ్యలేదు. అంత లోతులో ఒక వెడల్పాటి మెట్టు ఉంచు, చిన్నోడు నిలబడి ఆడుకుంటాడు అన్నాడు. అలాగే గీశాను. గీత వంకర పోయింది.

శుక్రవారం దాకా ఆగలేదు. అక్కడి నుంచి నేరుగా ఫోన్ బూతుకు పోయాను.

“పోగు తప్పు కొలిచినవ్,” అన్నాను.

“తప్పు కొలువలేదు.”

“గదే వయసు పిల్లకు గదవ కిందికే వచ్చింది.”

ఆమె అంది, “నాలుగేండ్ల పిల్ల ఎంత ఎత్తుంటదో నీకు ఎర్కనే లేదా? నోటితోని చెప్పరాక పోగు పంపిన. చూస్తే నీకే ఎర్కయితది అనుకున్న.”

ఆమె పంపింది కొలత కాదు, కబురు. నేను దాన్ని రంగు పెన్సిళ్లతో ప్లానులో వేసుకుని మురిసిపోయాను.

అప్పుడు మొత్తం చెప్పింది. నడక వచ్చినప్పటి నుంచీ పది అడుగులు వేస్తే ఆయాసమట, అక్కడే గొంతుక్కూర్చుంటుందట. ఏడిస్తే పెదాలు నల్లబడతాయట. ఊళ్లో మందులిచ్చే ఆయన బలహీనం అని టానిక్కు రాశాడు. అంత దూరంలో ఉన్నవాడికి చెప్పి ఏం లాభం, తిండి మానేస్తాడు అని ఇంట్లో పెద్దవాళ్లు ఆమె నోరు నొక్కారు. అందుకే నాలుగేళ్లూ శుక్రవారం శుక్రవారం ‘మంచిగనే ఉన్నది’ అనే మాట విన్నాను. నేను ఫోన్‌లో అరిచాను. బూతు బయటకు వచ్చాక గానీ ఆ అరుపు ఎవరి మీదో నాకు అర్థం కాలేదు.

సిమెంటుకు నా వేళ్ల సందులు పుండ్లు పడేవి. మందు రాయించుకోవడానికి పోయే క్లినిక్కులో భీమవరం వైపు నర్సు ఒకామె ఉండేది. అక్కా అని పిలిచేవాణ్ని. మర్నాడు పోయి ఆమెకు చెప్పాను, మూడు ఫోటోలూ చూపించాను. చేతిలో పని ఆపి ఒక్కొక్కటే చూసింది.

“నిలబెట్టి తీసింది ఒక్కటీ లేదేంటి తమ్ముడూ?” అంది.

అప్పటిదాకా నేను ఆ సంగతి చూడలేదు. ఆయాసం వస్తే పాప గొంతుక్కూర్చుంటుందా అని అడిగింది. అవునట అన్నాను. ఇది టానిక్కుతో పోయేది కాదు, గుండెలో ఏదో తేడా ఉండి ఉంటుంది, ముందు హైదరాబాద్ తీసుకెళ్లమను, నువ్వూ బయల్దేరు అని చెప్పింది. పుండ్లకు మందు రాసి, గుమ్మం దాకా వచ్చింది.

బయల్దేరడం నా చేతిలో లేదు. ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్, రెన్యువల్ కోసం నా పాస్‌పోర్టు దమ్మామ్ ఆఫీసుకు పోయి ఉంది. అది వస్తే గానీ సెలవు మీద దేశం దాటే ఎగ్జిట్ కాగితం రాదు. కొలను ఇంటాయన తన కారులో రెండుసార్లు నన్ను మా ఆఫీసుకు తీసుకెళ్లి, నా తరఫున మాట్లాడాడు. అక్కడివాళ్లు బుక్రా అన్నారు. అతను తల దించుకున్నాడు. నలభై ఒక్క రోజులు పట్టింది. ఈలోగా నా భార్య బిడ్డను హైదరాబాద్ తీసుకెళ్లింది. గుండెలో రంధ్రం, ఊపిరితిత్తులకు పోయే నాళం సన్నం అన్నారు. రెండేళ్ల ముందు తేవాల్సింది అన్నారు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

నేను ఇంట్లో అడుగు పెడితే బిడ్డ తలుపు చాటుకు పోయింది. రెండు రోజులు దగ్గరకు రాలేదు. మూడో రోజు జేబులోంచి దారం తీసి ముడులు సరిచేసుకుంటుంటే మెల్లగా వచ్చి నిలబడింది.

“గిది నాది,” అంది.

నాతో అన్న మొదటి మాట అదే. తనే గోడకు ఆనుకుని నిలబడింది. దారం పట్టి చూశాను. నెత్తి ముడి సరిగ్గా నెత్తి మీదే ఉంది. రెండు నెలలు కావస్తున్నా గోరంత పెరగలేదు. ఆ తర్వాత దారం ఆమె ఆటయింది. కోడిని కొలిచింది, కుండను కొలిచింది, నన్ను నిలబెట్టి నా కాలు కొలిచింది. ఆమె నడుము ముడి నా మోకాలికి వచ్చింది. “బాపు మోకాలు, నా నడుము,” అని తల్లికి చెప్పడానికి నాలుగడుగులు పోయి, మధ్యలో గొంతుక్కూర్చుంది.

బిడ్డతో నేను పందొమ్మిది రోజులు ఉన్నాను. ఆపరేషన్ తేదీకి ఇంకా పదకొండు రోజులున్నాయనగా, పొద్దున తల్లి ఒడిలో పాలు తాగుతూ పోయింది. దారాన్ని నా భార్య బిడ్డ పిడికిట్లోనే ఉంచి పూడ్పించింది. నేను వద్దనలేదు. అందులో వద్దనే హక్కు నాకు లేదనిపించింది.

సెలవు కాగితంలో తేదీ ఉంది, తిరిగి వెళ్లాను. రూము గోడకు సున్నం వేశారు, పెన్సిల్ గీతలు లేవు. కొన్నాళ్లకు ఆ ఇంటి నుంచి పిలుపు వచ్చింది, కొలను మెట్టు దగ్గర ఒక టైలు ఊడిందని. నేను లేనప్పుడు వేరేవాళ్లు కట్టారు. కంచె ఉంది, గొళ్లెం పిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉంది, డాల్ఫిన్ నోట్లోంచి నీళ్లు పడుతున్నాయి. ఇంటాయన నా భుజం మీద చెయ్యి వేసి, పోయినవాళ్ల కోసం వాళ్లు అనే మాటలు అన్నాడు. ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లాడు.

ప్యాంటు మడుచుకుని ఆ 45 లోతు వెడల్పాటి మెట్టు మీదకు దిగాను. నా ప్లానును ఒక్క సెంటీమీటరు తేడా లేకుండా కట్టారు. నీళ్లు నా మోకాళ్ల దాకా వచ్చి ఆగాయి. టైలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాను.